కట్టెలు కొట్టడానికి పెద్ద కత్తి: మచ్చుకత్తి, మాచెటీ, కుక్రీ, క్యాంపు కత్తుల్లో ఏది మేలు?

కట్టెలు కొట్టడానికి పెద్ద కత్తి కొనాలనుకునేవారు, తాము కొట్టబోయే కట్టె ఎంత లావుది, ఎంత గట్టిది, పచ్చిదా ఎండినదా అన్న మూడు సంగతులను ముందుగా తేల్చుకుంటే ఆ తరువాతి ఎంపిక చాలా సులువవుతుంది. దుకాణంలో కత్తిని చూసినప్పుడు దాని పొడవు, రూపం, ధర తెలుస్తాయి గాని, పచ్చి సరుగుడు కొమ్మను రెండు దెబ్బల్లో తెంచిన ఆ కత్తే చేవ దేరిన ఎండు తుమ్మ మీద ఎందుకు ఎగిరిపడుతుందో తెలియదు. పచ్చి కట్టెలో నార తడిగా, మెత్తగా ఉండి వాదరను, అంటే కత్తి పదునైన అంచును, లోపలికి దిగనిస్తుంది కనుక అక్కడ పలుచని కత్తి బాగా పనిచేస్తుంది. ఎండిన గట్టి కట్టె వాదరను అడ్డుకుంటుంది, పలుచని వాదరను వంచుతుంది లేదా పెచ్చులూడగొడుతుంది, కాబట్టి అక్కడ బరువు, మందం, కాస్త మొద్దుకోణం గల వాదర కావాలి. ఈ రెండు పనులనూ సమానంగా చేసే కత్తి లేదు. ఉందని చెప్పి అమ్మేవారు మాత్రం చాలామంది ఉన్నారు.

ఏ కత్తికైనా ఒక హద్దు ఉందని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బొటనవేలు లావు పుల్లల నుంచి మణికట్టు లావు కొమ్మల వరకు పెద్ద కత్తి పని, కొంచెం కష్టపడితే ముంజేయి లావు వరకు. అంతకు మించిన దుంగలకు గొడ్డలి లేదా రంపమే సరైన పనిముట్టు. కిలో పైబడిన గొడ్డలి తల ఒక్క దెబ్బకు చేసే పనికి కత్తి అయిదారు దెబ్బలు తీసుకుంటుంది, అదీ కొట్టేవారి మణికట్టుకు, మోచేతికి నొప్పి మిగిల్చి. రోజూ పొయ్యిలోకి లావు మొద్దులు చీల్చవలసిన ఇంట్లో పెద్ద కత్తి కోసం వెతకడం వృథా. గట్ల మీద పెరిగిన సర్కారు తుమ్మను, తోటలో కత్తిరింపుల తరువాత మిగిలిన మామిడి కొమ్మలను, ఎండిన కొబ్బరి మట్టలను, వెదురును నరకవలసినవారికే, అలాగే అడవిలో రాత్రి బస చేసి మంటకు పుల్లలు సిద్ధం చేసుకునేవారికే ఈ పోలిక ఉపయోగపడుతుంది.

మొదట మన మచ్చుకత్తి సంగతి చూద్దాం, ఎందుకంటే తెలుగు ప్రాంతాల్లో ఉండేవారు దాన్ని దాటి వేరే దాని వైపు చూడడానికి గట్టి కారణమే కావాలని నా అభిప్రాయం. వెడల్పైన రేకు, మందమైన వీపు, ముందువైపుకు తూగే బరువు, కొన్నిచోట్ల చివర లోపలికి తిరిగిన కొక్కెం వంటి మొన దీని లక్షణాలు. ఆ వంపు మొనకు రెండు ప్రయోజనాలున్నాయి: ముళ్ళకంపను చేయి పెట్టకుండా దగ్గరకు లాక్కోవచ్చు, దెబ్బ తప్పి కత్తి నేలకో రాతికో తగిలినప్పుడు ముందుగా ఆ మొన తగిలి అసలు వాదర బతికిపోతుంది. రాళ్ళున్న మెట్ట చేలలో పనిచేసేవారికి ఈ రెండవ సంగతి విలువ తెలుసు. పదును పోతే ఊళ్ళోనే సాన పట్టించుకోవచ్చు, పిడి విరిగితే వేరే కర్ర చెక్కించుకోవచ్చు. ధర కూడా బయటినుంచి తెప్పించుకునే కత్తులతో పోలిస్తే చాలా తక్కువ.

అయితే మచ్చుకత్తి గుణం పూర్తిగా దాన్ని చేసిన కమ్మరి చేతిలో ఉంటుంది, అదే దాని బలహీనత. సంతలో కుప్పపోసి అమ్మే కత్తుల్లో మెత్తని ఇనుముతో చేసినవీ, మంచి ఉక్కుతో చేసినవీ పక్కపక్కనే ఉంటాయి, నల్లటి రంగు పూశాక రెండూ ఒకేలా కనబడతాయి. వీలైతే కొలిమి దగ్గరికే వెళ్ళి లారీ కమాను పట్టీతో చేయించుకోవడం ఉత్తమం. ఆ పట్టీలు బరువును మోస్తూ లక్షల సార్లు వంగి మళ్ళీ యథాస్థితికి వచ్చేలా తయారుచేసిన ఉక్కు కనుక దెబ్బలను తట్టుకునే గుణం వాటికి సహజంగానే ఉంటుంది. కొత్త పట్టీ గాని, పగుళ్ళు లేని పాత పట్టీ గాని ఎంచుకోవాలి. చాలా ఏళ్ళు నడిచిన లారీ పట్టీలో కంటికి కనబడని పగుళ్ళు ఉండవచ్చు, అవి కాల్చి సాగగొట్టినంత మాత్రాన పోవు.

కాల్చిన ఉక్కును ఒక్కసారిగా చల్లార్చితే గట్టిపడుతుంది గాని గాజులా పెళుసవుతుంది. అందుచేత దాన్ని మళ్ళీ స్వల్పంగా వేడిచేసి ఆ పెళుసుదనాన్ని తగ్గించాలి. తొందరలో ఉన్న కొలిమిలో ఈ రెండవ మెట్టు దాటిపోయే అవకాశం ఉంది కనుక చేయించుకునేవారు మర్యాదగా అడిగి తెలుసుకోవడం మంచిది. కమాను పట్టీ ఉక్కును నీటిలో కంటే నూనెలో చల్లార్చితే పగుళ్ళ భయం తక్కువ. చేతికి వచ్చిన కత్తిని పరీక్షించే పద్ధతి కూడా కష్టమైనది కాదు. ఆకురాయిని వాదర మీద మెల్లగా నడిపితే అది వెన్న మీద నడిచినట్లు తేలికగా ఉక్కును గీరేస్తుంటే కత్తి మెత్తనిది, ఏమాత్రం పట్టకుండా జారిపోతుంటే మరీ గట్టిది, కాస్త బలం పెడితే పట్టుకుంటుంటే సరైనది. ఆ తరువాత ఎండిన కొమ్మ ముడి మీద నాలుగు దెబ్బలు వేసి వాదరను వెలుగుకు ఎదురుగా పెట్టి చూడాలి. వాదర వంగితే మెత్తదనం, పెచ్చు ఊడితే పెళుసుదనం. వంగిన కత్తిని సరిచేసి వాడుకోవచ్చు గాని పెచ్చులూడే కత్తిని తిరిగి కమ్మరికే ఇవ్వడం మేలు.

వేటకొడవలి కూడా ఇదే కుటుంబానిదే. పొడవు పిడి, లోపలి వంపు ఉండడం వల్ల ముళ్ళకంపను దూరం నుంచి తెగ్గొట్టడానికి అది మచ్చుకత్తి కంటే అనువైనదే గాని, మొద్దు మీద పెట్టి కట్టెను ముక్కలు చేయడానికి ఆ వంపు అడ్డొస్తుంది. పైగా రాయలసీమలో ఆ పేరుకు అంటుకున్న చరిత్ర వల్ల దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కినవాడు వ్యవసాయం గురించి ఎంత చెప్పినా నమ్మేవారు తక్కువ.

మాచెటీ లాటిన్ అమెరికా చెరకు తోటలకు, దట్టమైన పచ్చని అడవులకు పుట్టిన కత్తి. బ్రెజిల్‌లో 1911లో మొదలైన ట్రమొంటినా సంస్థ చేసే మాచెటీలు మన దేశంలోనూ దొరుకుతాయి. రేకు మందం రెండు, మూడు మిల్లీమీటర్లే, పొడవు ఎక్కువగా 14 నుంచి 22 అంగుళాలు, 18 అంగుళాల కత్తి బరువు దాదాపు అరకిలో. గడ్డి, తీగలు, చెరకు, అరటి, పచ్చి సుబాబుల్ రెమ్మల వంటి వాటిమీద దీనికి సాటి లేదు. పూటంతా వాడినా చేయి అలవదు. కానీ గట్టి కట్టె మీద వేసిన దెబ్బకు పలుచని రేకు పక్కకు ఊగి, దెబ్బలోని బలంలో కొంత ఆ ఊగులోనే పోతుంది. దిగినచోట ఇరుక్కుని లాగితే గాని రాదు, ఎందుకంటే చీలికను విడదీసే మందం దానికి లేదు. అందువల్ల కట్టెలు కొట్టడమే ముఖ్యమైన పని అయినప్పుడు పొడవైన మాచెటీని నేను సూచించను. 12 నుంచి 14 అంగుళాల పొట్టి రకం, అదీ మందం 3 మిల్లీమీటర్లకు తక్కువ కానిది అయితే మధ్యస్థంగా పనికొస్తుంది. మరొక సంగతి, చాలా మాచెటీలు కర్మాగారం నుంచి పూర్తి పదునుతో రావు. ఆకురాయితో అరగంట పనిచేసి అసలు వాదరను కొన్నవారే తీయాలి, అది తెలియక మొదటిరోజే కత్తి మంచిది కాదని పక్కన పడేసేవారున్నారు.

పొడవుకు, బరువుకు మధ్య లెక్కను ఇక్కడ కొంచెం వివరించాలి. దెబ్బ శక్తి బరువుతో పాటు పెరుగుతుంది, వేగంతో మాత్రం వర్గం చొప్పున పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. పొడవైన తేలిక కత్తి మొన వేగంగా కదులుతుంది కనుక పచ్చి కొమ్మల మీద గెలుస్తుంది. గట్టి కట్టెలో మాత్రం ఆ శక్తి వృథా కాకుండా లోపలికి దిగాలంటే వంగని మందమైన రేకు, ముందువైపు బరువు తప్పనిసరి. కత్తిని పిడికి కొంచెం ముందు ఒక వేలి మీద నిలిపి చూస్తే తూకం ఎక్కడుందో తెలుస్తుంది. తూకపు బిందువు పిడి మొదలు నుంచి రెండు, మూడు అంగుళాలు రేకు వైపు ఉన్న కత్తి నరకడానికి పుట్టినది, పిడి మొదట్లోనే నిలిచిన కత్తి చెక్కడానికి, కోయడానికి పుట్టినది.

ఈ లెక్కకు సరిగ్గా సరిపోయే కత్తి కుక్రీ. నేపాల్‌లోని ధరాన్, భోజ్‌పూర్ కుక్రీల తయారీకి పేరుపొందిన ఊళ్ళు, మన దేశంలో డెహ్రాడూన్ వైపు కూడా చేస్తారు. సాధారణంగా 10 నుంచి 12 అంగుళాల రేకు, వీపు దగ్గర 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, మధ్యలో కిందికి వంగిన ఆకారం. ఈ వంపు వల్ల బరువైన ముందుభాగం పిడి గీతకు దిగువకు వచ్చి, మణికట్టును ఎక్కువ తిప్పనవసరం లేకుండానే వాదర కట్టె మీద సరైన కోణంలో పడుతుంది. అక్కడి కమ్మరులు ఎక్కువగా వాహనాల కమాను పట్టీలనే వాడతారు. కాలిన రేకును మొత్తంగా ముంచకుండా కెటిల్‌తో వాదర వెంట మాత్రమే నీరు పోస్తారు, దానివల్ల వాదర గట్టిపడి వీపు సాగుగుణంతో మిగులుతుంది. నరకడానికి ఇంతకన్నా తగిన నిర్మాణం అరుదు. వాదర మొదట్లో ఉండే చిన్న గండికి ఎన్నో వివరణలు చెబుతారు గాని కట్టెలు కొట్టేవారికి దానితో పనిలేదు. ఒరలో కుక్రీతో పాటు వచ్చే కర్దా అనే చిన్న కత్తి మాత్రం పుల్లలు చెక్కడానికి ఉపయోగపడుతుంది.

కుక్రీలో చూసుకోవలసిన లోపాలూ ఉన్నాయి. మొదటిది పదును పెట్టడం: లోపలికి వంగిన భాగాన్ని చదునైన సానరాయి అందుకోలేదు, గుండ్రటి కడ్డీ రాయి గాని, కర్రకు చుట్టిన గరుకు కాగితం గాని కావాలి. రెండవది పిడి. సంప్రదాయ పిడుల మధ్యలో ఉండే ఉబ్బు కట్టు కొందరి అరచేతిని కోసుకుపోయేలా ఒత్తుతుంది, పెద్ద చేతులవారికి పిడి పొట్టిగానూ అనిపిస్తుంది. మూడవది, రేకు తోక పిడిలోకి సన్నగా దిగి లాహా అనే జిగురుతో అతికించిన రకాల్లో ఆ జిగురు మన వేసవి ఎండలో కారు డిక్కీలోనో, రేకుల షెడ్డులోనో వేడెక్కితే మెత్తబడి పిడి వదులయ్యే అవకాశం ఉంది. తోక పిడి చివరి దాకా పూర్తి వెడల్పుతో వచ్చి రెండు వైపులా చెక్కలు బిగించిన రకం కొంచెం బరువు ఎక్కువైనా కట్టె పనికి నిశ్చింత. పర్యాటకుల కోసం గోడకు వేలాడదీసేలా మెరుగుపెట్టిన కుక్రీలను కట్టెలకు కొనకూడదు. రేకు తళతళ మెరుస్తూ ఒర మీద నగిషీలు ఎక్కువగా ఉంటే సందేహించాలి.

మలేషియా పరాంగ్, ఇండోనేషియా గొలోక్ కూడా మందమైన ముందుభాగం గల మంచి కత్తులే, పనిలో అవి మచ్చుకత్తికీ మాచెటీకీ మధ్య నిలుస్తాయి. మంచివి దొరకడమే ఇక్కడ కష్టం.

క్యాంపు కత్తులుగా అమ్మే 9, 10 అంగుళాల విదేశీ కత్తుల విషయానికొస్తే, వాటిలో నిజంగా గట్టివి ఉన్నాయి. అయిదు మిల్లీమీటర్లకు దగ్గరగా మందం, పూర్తి తోక, నీటికి చెడని కృత్రిమ పిడి, మంచి ఒర ఉంటాయి. కట్టె మీద కత్తిని నిలబెట్టి వీపును మరో కర్రతో కొట్టి చీల్చే పద్ధతికి ఇవి అన్నిటికంటే తగినవి. నరకడంలో మాత్రం వీటి ధరలో చిన్న భాగానికే వచ్చే మచ్చుకత్తి గాని, అందులో సగానికో మూడో వంతుకో వచ్చే కుక్రీ గాని వీటిని తేలికగా ఓడిస్తుంది. ఒకే కత్తితో నరకాలి, చీల్చాలి, వంటకు కూరగాయలు కూడా కోయాలి అనుకుంటూ కాలినడకన అడవుల్లో తిరిగేవారికి తప్ప వీటికి అంత ఖర్చు పెట్టడం నాకు సమంజసంగా తోచదు.

వీటి వివరాల్లో కనబడే ఉక్కు అంకెలను చదవడం తెలిస్తే మోసపోయే అవకాశం తగ్గుతుంది. 1095, 1075, 1055 వంటి అంకెల్లో చివరి రెండూ కార్బన్ పాలును సూచిస్తాయి, 1095 అంటే సుమారు 0.95 శాతం. కార్బన్ పెరిగినకొద్దీ పదును నిలుస్తుంది, దెబ్బ తట్టుకునే గుణం తగ్గుతుంది. కాబట్టి నరికే కత్తికి 1055, 1075, లేదా కొద్దిగా క్రోమియం కలిసిన 5160 నిశ్చింతైన ఎంపికలు. ఉక్కు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలత 54 నుంచి 58 మధ్య ఉంటే చాలు, 60 దాటిందని గొప్పగా రాసినది వంటగదికి మంచిదేమో గాని తుమ్మ కొమ్మకు కాదు. డి2 ఉక్కు అరుగుదలను బాగా తట్టుకుంటుంది, దెబ్బలను అంతగా తట్టుకోదు. రకం పేరు చెప్పకుండా స్టెయిన్‌లెస్ అని మాత్రమే రాసి, వీపు మీద రంపపు పళ్ళు తీర్చి అమ్మే పెద్ద కత్తులను పూర్తిగా వదిలేయవచ్చు. ఆ పళ్ళు కట్టెను కోయవు, వీపును కర్రతో కొట్టనీయవు.

డమాస్కస్ పేరుతో నీటి అలల వంటి గీతలతో వచ్చే కత్తులకు కూడా మనవాళ్ళు ఆకర్షితులవుతున్నారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఒకప్పుడు డమాస్కస్ కత్తుల కోసం పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన మూస ఉక్కుకు, అంటే మూసలో కరిగించి తీసిన ఉక్కుకు, ప్రసిద్ధి కనుక ఆ పేరు వినగానే ఒక అభిమానం కలగడం సహజం. ఇప్పుడు అమ్మే వాటిలో అత్యధికం రెండు రకాల ఉక్కు పొరలను కలిపి అతికించి, ఆమ్లంతో గీతలు తేల్చినవే. అతుకు సరిగ్గా కుదరని రేకు దెబ్బలకు పొరలుగా విడిపోవచ్చు. అందానికి కొంటే కొనవచ్చు, కట్టెలకు వద్దు.

వాదర కోణం మీద రేకు రకమంత శ్రద్ధ పెట్టాలి. పచ్చి కొమ్మలకు ఒక్కో పక్క సుమారు 20 డిగ్రీలు, ఎండు కట్టెకు 25 లేదా కాస్త ఎక్కువ సరిపోతుంది. రెండు వైపులా స్వల్పంగా ఉబ్బిన వాదర కట్టెలో ఇరుక్కోకుండా విడివడుతుంది. సాన పట్టేవారి దగ్గర వేగంగా తిరిగే చక్రం మీద కత్తిని నీళ్ళలో ముంచకుండా పట్టిస్తే వాదర నీలిరంగుకు తిరుగుతుంది, అక్కడ ఉక్కు మెత్తబడి, ఆ భాగం అరిగిపోయే దాకా ఎన్నిసార్లు నూరినా పదును నిలవదు. దగ్గర నిలబడి తరచుగా తడపమని చెప్పాలి, లేదా ఇంట్లో ఆకురాయితో నెమ్మదిగా చేసుకోవాలి. తోలు ఒర చెమ్మను పట్టి ఉంచుతుంది కాబట్టి వానాకాలంలో కత్తిని తుడిచి, కొబ్బరినూనె గాని యంత్రాల నూనె గాని రాసి ఒర బయట దాచడం మంచిది. కర్ర పిడికి ఏడాదికి ఒకటి రెండుసార్లు అవిసె నూనె పట్టిస్తే ఎండలకు కుంచించుకుపోదు, పొన్ను వదులవదు.

కొట్టే పద్ధతి సరిగా లేకపోతే మంచి కత్తి కూడా చెడ్డదనిపించుకుంటుంది. కింద మొద్దు పెట్టి, దెబ్బను నారకు నిటారుగా కాకుండా సుమారు 45 డిగ్రీల వాలుగా ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి వేస్తే పెచ్చులు లేచి కోత తొందరగా సాగుతుంది. తప్పిన దెబ్బ కాలి మీదికి రాకుండా కత్తికీ మోకాలికీ మధ్య ఆ మొద్దు ఉండాలి. కత్తిని మణికట్టుకు తాడుతో కట్టుకోవడం భద్రత అనుకుంటారు గాని, చేయి జారిన కత్తి ఆ తాడు మీద తిరిగి మన మీదికే వస్తుంది.

చట్టం సంగతి కూడా కొనేముందే తెలుసుకోవాలి. 1959 నాటి ఆయుధ చట్టం కింది నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు గల రేకు ఉన్న కత్తులను, కుక్రీలను పేరు పెట్టి సహా, ఆయుధాల పట్టికలో చేర్చారు. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు తయారుచేసినవాటిని మినహాయించారు. ఆ చట్టం నాలుగవ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో ఇటువంటి వాటికి లైసెన్సు అవసరం. పొలంలో మచ్చుకత్తి పనిముట్టు. అదే కత్తి నగరంలో బైకు సీటు కింద దొరికితే సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. ప్రయాణంలో ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, చేతికి అందని సామానులో ఉంచాలి. అటవీ ప్రాంతాల్లో కట్టె కొట్టడానికే అనుమతి కావాలన్నది మరువకూడదు. బ్రిటన్‌లో ఉన్న తెలుగువారు మరింత జాగ్రత్తపడాలి: సరైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో ఇటువంటి కత్తిని వెంట ఉంచుకోవడమే అక్కడ నేరం, పైగా ఇంగ్లండ్, వేల్స్‌లో 2024 సెప్టెంబరు 24 నుంచి భయపెట్టే రూపంతో చేసే, కొన్ని నిర్దిష్ట లక్షణాలు గల ‘జాంబీ’ తరహా మాచెటీలను ఇంట్లో ఉంచుకోవడం కూడా నిషిద్ధం.

ఇన్ని చూశాక, తెలుగు రాష్ట్రాల్లో పొలమో తోటో ఉన్నవారికి నేను చెప్పేది కమాను పట్టీతో చేయించిన 10, 11 అంగుళాల మచ్చుకత్తి, దానికి తోడు ఒక మడత రంపం. మంచి కమ్మరి అందుబాటులో లేనివారికి, నగరాల్లో ఉండి అప్పుడప్పుడు అడవి బాట పట్టేవారికి పూర్తి తోక గల 10 అంగుళాల కుక్రీ. పచ్చి పొదలే ఎక్కువైతే పొట్టి మాచెటీ. విదేశీ క్యాంపు కత్తికి కేటాయించిన డబ్బు చేతిలో ఉంటే, మచ్చుకత్తి, రంపం, మంచి సానరాయి, చిన్న గొడ్డలి నాలుగూ కొన్నాక కూడా అందులో కొంత మిగులుతుంది.